గేటు రంగు బుల్లెట్

మొన్న ఆదివారం పొద్దున్నే నా బండి తుడుచుకుని, అలా రామవరప్పాడు రింగు దాకా వెళ్లి వద్దామని బయల్దేరాను. సిగ్నల్ దగ్గర ఆగితే పక్కనున్న ఆటో డ్రైవరు తల బయటపెట్టి బండిని కిందికీ మీదికీ చూశాడు. నా బండిని జనం అలా చూడడం నాకు కొత్త కాదు. నల్లటి ట్యాంకు మీద చేత్తో గీసిన బంగారు గీతలు, కుడికాలి వైపు గేరు, తుడిచి తుడిచి అద్దంలా మెరిసే సైలెన్సరు. పుట్టినప్పుడు ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉన్న బుల్లెట్ బెజవాడలో నాదొక్కటేనని తెలిసినవాళ్లు అంటారు. ఏ సంవత్సరం మోడలని అడుగుతాడనుకుని జవాబు సిద్ధం చేసుకున్నాను.

"సార్, ఇబ్రహీంపట్నంలో నీలం బుల్లెట్ ఆయన ఉండేవారు. మీరేమన్నా ఆయన చుట్టాలా?" అన్నాడు.

"మా బావగారు."

"అయ్యో, పోయారంటగా! మంచి మనిషండీ. ఒకసారి నా ఆటో క్లచ్ వైరు తెగితే, దారిన పోతున్న మనిషి ఆగి, సైకిల్ బ్రేకు వైరు కట్టి పంపించారు. అసలు ఆ నీలం బండి ఏం బండండీ!"

పచ్చలైటు పడింది. ఆటో వెళ్లిపోయింది. నా బండి గురించి ఒక్క ముక్క కూడా అనలేదు.

మా బావ పోయి ఇంకా ఏడాది తిరగలేదు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు. నేనూ మంచే చెబుతాను. కాకపోతే కుళ్లుకుంటూ చెబుతాను. ఆయన బతికుండగా పట్టుకున్న అలవాటది. మనిషి పోయినంత మాత్రాన పోతుందనుకున్నాను, పోలేదు.

ఆయన మా అక్క భర్త. పవర్ స్టేషన్లో మెయింటెనెన్స్ ఇంజనీరుగా చేసేవాడు. ఎత్తైన మనిషి, గుమ్మం ఎంత ఎత్తున్నా అలవాటుకొద్దీ తల వంచే లోపలికొచ్చేవాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట చుట్ట చుట్టిన రాగితీగ ఉండేది. ఏ వస్తువు కంటబడినా ముందు దాన్ని వేలి కణుపుతో టకటకమని కొట్టి, చెవి దగ్గర పెట్టి వినేవాడు. తలుపైనా సరే, పుచ్చకాయైనా సరే. పెళ్లిచూపులకి వచ్చినప్పుడు కాఫీ పెట్టిన బల్లని అలాగే కొట్టి, "దీనికో కాలు పొట్టండీ" అన్నాట్ట. పిల్ల నచ్చిందో లేదో చెప్పకుండా బల్ల సంగతి చెప్పాడని మా అమ్మ బతికున్నన్నాళ్లూ చెప్పుకుని నవ్వేది. పెళ్లయ్యాక మొదటిసారి వచ్చినప్పుడు ఆ కాలి కింద రబ్బరు ముక్క వేసిగాని భోజనానికి కూర్చోలేదు.

గుణదలలో మా ఇంటికి ఎప్పుడొచ్చినా తిన్నగా హాల్లోకి వచ్చేవాడు కాదు. పక్కసందులోంచి పెరట్లోకెళ్లి, ముందు నీళ్ల మోటారుని పలకరించేవాడు. మా ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని వెనకగుమ్మంలోకి వెళ్లాల్సిందే. ఆయన వెళ్లిపోయాక ఇంట్లో ఏదో ఒకటి మారిపోయి ఉండేది. గ్యాస్ సిలిండరు కింద చక్రాలు వచ్చేవి. వంటింటి అలమరకి లోపల లైటు వెలిగేది. నాన్న కూర్చునే, మా తాతగారి నాటి టేకు కుర్చీకి కాళ్ల కింద దిమ్మలు బిగించి ఎత్తు పెంచినప్పుడు మాత్రం నేను ఊరుకోలేకపోయాను.

"బావగారూ, అది తాతగారి కుర్చీ అండీ."

"తాతగారు ఇప్పుడందులోంచి లేవాల్సిన పనిలేదుగదోయ్. లేవాల్సింది మామయ్యగారు" అన్నాడు స్క్రూడ్రైవరు తిప్పుతూనే.

నేను కాలేజీలో చరిత్ర చెబుతాను. పాతదాన్ని ఉన్నదున్నట్టుగా కాపాడుకోవాలని పాతికేళ్లుగా పిల్లలకి చెబుతున్నవాణ్ణి. ఆయన ఉద్యోగమేమో ఆగిపోయినదాన్ని ఏదోలా కదిలించడం. మా ఇద్దరికీ మధ్య ఒక్క కుర్చీయే ఉండుంటే గొడవ ఉండేది కాదు. నాన్న బుల్లెట్ కూడా ఉంది.

మాది ఉయ్యూరు దగ్గర పల్లెటూరు. నాన్న వ్యవసాయం బాగా సాగిన రోజుల్లో ఆ బండి కొన్నాడు. చుట్టుపక్కల అలాంటి చప్పుడు చేసే బండి మరొకటి లేదు. నన్ను ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని కాలవగట్టు మీద తీసుకెళ్లేవాడు. నా రెండు చేతులూ హ్యాండిల్ మధ్యలో ఉండేవి, నాన్న చేతులు అటూ ఇటూ. ఎడమచేతి రబ్బరు పిడి మీద ఆయన బొటనవేలు ఆనేచోట చిన్న గుంట పడింది. పెద్దయ్యాక నా వేలు అందులో పెట్టి చూసుకునేవాణ్ణి. సరిపోయేది కాదు.

అమ్మ పోయాక పొలం కౌలుకిచ్చి నాన్న మా ఇంటికి వచ్చేశాడు. బండి కూడా వచ్చింది. అప్పటికే ఆయన మోకాళ్లు పోయాయి. పాత బుల్లెట్‌ని కాలితో తన్ని స్టార్ట్ చేయడమంటే మాటలు కాదు. కుదరకపోతే ఎదురు తంతుంది. దాన్ని మెట్ల కింద పెట్టి, దుప్పటి కప్పి, "నేను బాగుచేయిస్తాను నాన్నా, అచ్చం నువ్వు కొన్నప్పుడెలా ఉందో అలా" అన్నాను.

నిజంగానే మొదలుపెట్టాను. వన్ టౌన్‌లో పాత ఇనుము కొట్లన్నీ తిరిగాను. హెడ్‌లైటు డిప్ప ఒకచోట, పనిముట్ల పెట్టె ఒకచోట, ట్యాంకు మీది బిళ్ల మరోచోట దొరికాయి. డూప్లికేటు సరుకు బోలెడుంది, నాకు వద్దు. ఆ కాలంలో, ఆ బండికి వచ్చిన సరుకే కావాలి. అందుకని ఆలస్యమైంది. నాన్న అప్పుడప్పుడూ దుప్పటి ఎత్తి చూసి అడిగేవాడు.

"ఎప్పటికవుతుందిరా ఇది?"

"తొందరపడితే పాడవుద్ది నాన్నా."

"నేనూ పాడవుతున్నాగదరా."

ఆ మాట ఆయన నవ్వుతూనే అన్నాడు. పెరట్లో మోటారు విప్పుకుని కూర్చున్న బావ విన్నాడు. అక్కడే వచ్చింది తంటా.

ఆ వేసవిలో పరీక్ష పేపర్లు దిద్దడానికి నేను గుంటూరు వెళ్లి వచ్చేసరికి మెట్ల కింద దుప్పటి మడతపెట్టి ఉంది. బండి లేదు. "అల్లుడుగారు ట్రాలీ ఆటోలో వేయించుకెళ్లారు" అన్నాడు నాన్న, ఏదో పెళ్లికి పంపించినంత సంబరంగా.

దసరా సెలవుల్లో తిరిగొచ్చింది. వీధి చివర్నుంచే ఆ చప్పుడు గుర్తుపట్టి బయటికి పరుగెత్తాను. చప్పుడొక్కటే గుర్తుపట్టగలిగాను. బండి మొత్తం నీలం. ఆకాశనీలం కూడా కాదు, ఇంటి గేటుకి వేసి మిగిలిపోయిన నీలం. ముందు చక్రానికి కొత్తరకం డిస్క్ బ్రేకు. కుడివైపు గేరు ఎడమవైపుకి వచ్చేసింది. సీటు వెడల్పుగా, వెనక కూర్చునేవాళ్లు ఆనుకోవడానికి దిండుతో సహా ఉంది. హ్యాండిల్ మీద ఒక ఎర్ర బటను.

"నొక్కండి మామయ్యగారూ" అన్నాడు బావ.

నాన్న చూపుడువేలితో నొక్కాడు. బండి మోగింది. నాన్న చేయి వెనక్కి లాక్కున్నాడు, కాలినట్టు. మళ్లీ ఆపించి మళ్లీ నొక్కాడు. మళ్లీ మోగింది. ఆయన నవ్విన నవ్వుకి ఎదురింటివాళ్లు బయటికొచ్చారు.

నాకు ఒళ్లు మండిపోయింది. "బావగారూ, ఇది నాన్న బండి కాదండీ" అన్నాను.

"మరెవరిదోయ్?"

నేను నోరు తెరిచేలోపు సీటు మీదనుంచి నాన్న అన్నాడు: "నాదేరా."

ఆ పూట అన్నాలయ్యాయి. అందరూ వెళ్లిపోతుంటే బావని గేటు దగ్గర ఆపి, పాత రబ్బరు పిడులు ఏం చేశారని అడిగాను.

"అవా? అరిగిపోయాయిగా. పాతసామాన్లవాడికి ఇచ్చేశా."

"వాటి మీద నాన్న వేలు గుంట ఉంది."

ఆయన మొహం మారింది. ఆ సంగతి ఆయనకి నిజంగా తట్టలేదు. తట్టేది కాదు కూడా. అరిగిన వస్తువంటే ఆయనకి మార్చాల్సిన వస్తువు, అంతే. ఆ అరుగుదలలో ఒక మనిషి ఉంటాడని ఆయనకి తోచదు. అడగకుండా చేసేవాళ్లలో ఉండే పెద్ద లోపం అదే, ఆయనంత మంచివాడిలోనూ ఉంది. మరుసటి వారం వచ్చి నా చేతిలో కొత్త పిడుల జత పెట్టాడు.

"ఇవి నువ్వు కొనుక్కునే బండికి వేసుకో. ఎన్నాళ్లో నడిపితే నీ వేలు గుంటా పడుద్ది. మీ పిల్లలు చూసుకుంటారు."

క్షమాపణో, వెక్కిరింతో నాకిప్పటికీ తెలియదు. ఆ పిడులు డూప్లికేటువి. నేను వాడలేదు.

నీలం బండి ఇబ్రహీంపట్నంలోనే ఉండిపోయింది. నిర్ణయం నాన్నదే. "అల్లుడుగారి దగ్గరుంటే తిరుగుద్దిరా. ఇక్కడ మళ్లీ మెట్ల కింద నిద్రపోద్ది" అన్నాడు. బావ దాని మీదే డ్యూటీకి వెళ్లేవాడు. ఆదివారాలు గుణదల వచ్చి నాన్నని వెనక కూర్చోబెట్టుకుని బయల్దేరేవాడు. ఒకవారం చేపల మార్కెట్టుకి, ఒకవారం బ్యారేజీ మీదికి, ఒక్కోసారి ఊరికే పొలాల వైపుకి. నాన్న తెల్లారకముందే గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గర కుర్చీలో కూర్చునేవాడు. ఆయన ఉండేది నా ఇంట్లో. మందులిచ్చేది నేను. డాక్టరు దగ్గరికి కార్లో తీసుకెళ్లేది నేను. గడ్డం గీసుకునేది మాత్రం బావ కోసం.

తిరిగొచ్చాక వాళ్లు చెప్పే కబుర్లు వినాలి! ఎక్కడో పెసరట్టు తిన్నారట, ఎవరో పాత స్నేహితుడు బండి ఆపి కావలించుకున్నాడట. మా ఆవిడ గుమ్మంలో నిలబడి మరీ వినేది. చుట్టాలందరిలో ఒకటే మాట: "అల్లుడంటే అలా ఉండాలి." కొడుకెలా ఉండాలో ఎవరూ అనలేదు.

అప్పుడే నేను అదే కాలపు బండి ఇంకొకటి సంపాదించాను. చేర్చిపెట్టుకున్న సామానంతా దానికి బిగించాను. బంగారు గీతలు గీయడానికి బోర్డులు రాసే పెద్దాయన్ని వెతికి పట్టుకున్నాను. బండి తయారైన రోజు అందరినీ భోజనానికి పిలిచాను. చూసినవాళ్లంతా ముక్కున వేలేసుకున్నారు. బావ దాని చుట్టూ తిరిగాడు. ట్యాంకు మీద కణుపుతో కొట్టి విన్నాడు. గొంతుక్కూర్చుని చక్రాలు చూశాడు.

"అచ్చం ఎలా పుట్టిందో అలాగే ఉంది" అన్నాడు. నా గుండె పొంగింది. "బ్రేకులు కూడా అప్పటివేనా?"

"అప్పటివే."

"అప్పుడు రోడ్డు మీద ఎడ్లబళ్లుండేవోయ్. అవి మన కోసం ఆగేవి. ఇప్పుడున్నవి ఆగవు."

అందరూ నవ్వారు. ఆ రోజునుంచి ఆయన మా ఇంటికి ఎప్పుడొచ్చినా, "ఇవాళ దీపారాధన అయిందా? ప్రదక్షిణ చెయ్యొచ్చా?" అనేవాడు, నా బండికి దణ్ణం పెట్టి. ఒకసారి పాత బళ్లవాళ్లం అందరం కృష్ణ ఒడ్డున చేరాం. మొదటి బహుమతి నా బండికి ఇచ్చారు. ఫొటోలు మాత్రం అందరూ నీలం బండి మీద ఎక్కి దిగారు. నా బండి చుట్టూ కట్టిన తాడు అవతల నిలబడి చూశాను.

ఒక్కసారైనా ఆయన బండి నా బండి ముందు ఓడిపోవాలని ఉండేది. ఆ రోజూ వచ్చింది.

వానాకాలం మొదట్లో ఒక ఆదివారం కరకట్ట మీదుగా మోపిదేవి గుడికి వెళ్దామన్నాడు బావ. నేనూ నా బండి తీశాను. నాన్న ఎప్పట్లా ఆయన వెనక. అటు ఏరు, ఇటు అరటితోటలు, పసుపు చేలు. తోట్లవల్లూరు దాటాక ఆకాశం చిల్లుపడినట్టు వాన. తలదాచుకోవడానికి చోటు కనిపించేలోపు నీలం బండి గురగురమని ఆగిపోయింది. దాని వెనకాలే నాదీ ఆగింది.

రోడ్డు పక్క ఒక బడ్డీకొట్టు ఉంది. నాన్నని దాని తాటాకు పందిరి కిందకి చేర్చాం. కాసేపటికి వాన వెలిసింది. బావ బటను నొక్కాడు. ఉలుకూ పలుకూ లేదు. సీటు విప్పి చూసి, "కరెంటు పెట్టెలోకి నీళ్లు పోయాయోయ్. ఇది ఎండితేగాని పలకదు" అన్నాడు.

నేను నా బండి పక్కనున్న చిన్న మూత విప్పాను. లోపల నిప్పురవ్వ పుట్టించే రెండు ముక్కలుంటాయి, పాయింట్లంటారు. తడిసిపోయాయి. జేబురుమాలుతో తుడిచాను. మూత బిగించి ఒక్క తన్ను తన్నాను. బండి మోగింది. నా జన్మలో అంత మంచి చప్పుడు వినలేదు.

"శభాష్!" అని బావ చప్పట్లు కొట్టాడు. "చూశారా మామయ్యగారూ! మీవాడిది మొండిఘటం. రుమాలుతో ముక్కు తుడిస్తే లేచి కూర్చుంది. మనది నాజూకుది, జలుబు చేసింది. గెలిచావోయ్ బావమరిదీ!"

ఓడినవాడు అంత సంతోషంగా ఒప్పుకుంటే గెలిచినవాడికి ఏం మిగులుతుంది? అయినా నేను గర్వంగానే నాన్నవైపు తిరిగాను.

"రా నాన్నా, ఎక్కు. మనం వెళ్దాం."

నాన్న లేచి వచ్చాడు. సీటు మీద చేయి వేశాడు. తన కాళ్లవైపు చూసుకున్నాడు, మోకాళ్ల దాకా బురద. చేయి తీసేశాడు.

"నువ్వు పదరా. అల్లుడుగారొక్కరే అయిపోతారు."

"ఆయనకేం నాన్నా, బండి ఎండాక వస్తారు."

"నేనూ అప్పుడే వస్తాలే. ఎండొస్తోందిగా."

నేను ఒక్కణ్ణే బయల్దేరాను. బండి నిక్షేపంగా నడుస్తోంది. కొంతదూరం పోయాక ఎక్కడికి వెళ్తున్నానో తెలియలేదు. గుడిలో నేనొక్కణ్ణే దణ్ణం పెట్టుకుని ఏం చేయను? వెనక్కి తిప్పాను. కరకట్ట వంపు దగ్గర ఇంజను ఆపి చూశాను. వాళ్లిద్దరూ బల్ల మీద పక్కపక్కన కూర్చుని కాల్చిన మొక్కజొన్న పొత్తులు తింటున్నారు. బావ ఏదో చెబుతున్నాడు, చేతులు తిప్పుతూ. నాన్న పొత్తు పట్టుకున్న చేత్తోనే ఆయన భుజం మీద కొట్టి నవ్వుతున్నాడు. నాన్న నన్ను ఎన్నోసార్లు కొట్టాడు, చదవనందుకు, అబద్ధం చెప్పినందుకు. అలా నవ్వుతూ ఎప్పుడూ కొట్టలేదు.

వాళ్ల బండి మోగేదాకా నేను ఆ వంపు దగ్గరే ఉన్నాను.

సాయంత్రం ఇంటికొచ్చాక బావ నన్ను పక్కకి పిలిచాడు. "ఏమీ అనుకోకోయ్. బురదకాళ్లతో నీ బండెక్కడానికి ఆయన మొహమాటపడ్డారు."

"కన్నకొడుకు బండెక్కడానికి మొహమాటమేంటండీ?"

"ఒకసారి ఎక్కబోతుంటే 'జాగ్రత్త నాన్నా' అన్నావంట. గీత పడుద్దని అన్నావనుకున్నారు."

నేను అలా అనలేదు. అన్నా, ఆయన పడిపోతాడని అని ఉంటాను. ఆ సంగతి నాన్న నన్నే అడగొచ్చుగా? నన్ను అడగలేదు. బావకి చెప్పుకున్నాడు. నాకు అన్నిటికంటే మంట పెట్టింది అదే.

ఆ చలికాలంలో నాన్న పోయాడు, రెండురోజుల జ్వరంతో. తలకొరివి పెట్టింది నేను. కాని ఘాట్‌లో బావ వంగిపోయి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. వచ్చినవాళ్లు ముందు ఆయన్ని పట్టుకున్నారు, ఆయన్ని ఓదార్చారు, ఆయనకి నీళ్లిచ్చారు. నేను తడిబట్టలతో పక్కనే నిలబడ్డాను. ఏడుపులో కూడా ఆయనదే పైచేయి.

తర్వాత ఆదివారాలు ఆయన రావడం మానేశాడు. పెరట్లో మోటారు రొద పెట్టడం మొదలుపెట్టింది. మెకానిక్కుని పిలుద్దామంటే మా ఆవిడ, "అన్నయ్యగారొస్తారులెండి" అనేది. చాలా రోజులకి ఒక పొద్దున వచ్చాడు, బస్సులో. ఆ రోజు పెరట్లోకి వెళ్లలేదు. నా బండి దగ్గర ఆగి, హాస్యమాడకుండా అడిగాడు.

"ఒక రౌండు వెయ్యనిస్తావా?"

అన్నేళ్లలో ఆయన నన్ను ఏదైనా అడిగింది అదొక్కసారే. తాళం ఇచ్చాను. కుడికాలి గేరు, ఎడమకాలి బ్రేకు ఆయనకి అలవాటు తప్పింది, వీధి మలుపులో తడబడ్డాడు. కొండ వైపు వెళ్లి, చాలాసేపటికి వచ్చాడు. బండి దిగి స్టాండు వేసి, దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాడు.

"మామయ్యగారు ఇలాగే నడిపేవారు కదూ? కుడికాలితో గేరు మారుస్తూ."

"అవునండీ."

"నేను చూళ్లేదోయ్. మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. నాకు నాన్నంటే ఈయనే. ఈయనేమో మోకాళ్ల నొప్పులొచ్చాక దొరికాడు. నీకు మొదట్నించీ ఉన్నాడు. గట్టు మీద బండి ఝామ్మని పోతుంటే ట్యాంకు మీద కూర్చున్నావు. నాకు ఎంత కుళ్లుగా ఉండేదో తెలుసా, మీ నాన్న ఆ కబుర్లు చెబుతుంటే?"

అన్నాళ్లూ ఆయన వెనక కూర్చుని నాన్న చెప్పింది నా చిన్నతనం గురించా? కరకట్ట మీద ఆ పొత్తులు తింటూ నవ్వింది కూడా అందుకేనా? అడుగుదామనుకున్నాను. ఈలోపు ఆయన పెరట్లోకి వెళ్లిపోయాడు. మోటారు మీద కణుపు చప్పుడు వినిపించింది.

బావ నన్ను చూసి కుళ్లుకున్నాడన్న సంగతి తలుచుకుంటే నాకు కొన్నాళ్లు మహా హాయిగా ఉండేది. కాలేజీలో పాఠం చెబుతూ చెబుతూ నవ్వుకునేవాణ్ణి. ఆ హాయి తీరకముందే ఆయనా వెళ్లిపోయాడు. రిటైరయ్యాక పొద్దున్నే నడకకి వెళ్లే అలవాటు. కాలనీ చివర కల్వర్టు మీద కూర్చున్నాడట, కాసేపు విశ్రాంతికి. పాలవాడు చూసి కేకేశాడట. అంతే.

కార్యక్రమాలన్నీ అయ్యాక, పిల్లలు ఎవరి ఊళ్లకి వాళ్లు వెళ్లిపోయాక, నేను ట్రాలీ ఆటో మాట్లాడుకుని ఇబ్రహీంపట్నం వెళ్లాను. నీలం బండి తెచ్చుకుందామని. రంగు గీకించి, డిస్కు తీయించి, గేరు కుడివైపుకి మార్పించి, మళ్లీ నాన్న బండిని చేద్దామని. ఎవరి మీదా కోపంతో కాదు. అది నాకు రావాల్సిందని అనిపించింది, అంతే.

అక్క టీ ఇచ్చింది. మనిషి సన్నబడింది. లెక్కల టీచరుగా చేసి రిటైరైంది, నేను చెప్పేదంతా తప్పు దొరుకుతుందేమోనన్నట్టు వింది.

"తీసుకెళ్లి ఒరిజినల్‌గా చేయిస్తావు. చేయించి?"

"జాగ్రత్తగా పెట్టుకుంటాను అక్కా."

"మరి నేను కూరగాయలకి దేని మీద వెళ్లాలి?"

నాకు అర్థం కాలేదు. ఆవిడ మేకుకి తగిలించిన తాళం తీసుకుని, చున్నీ నడుముకి బిగించి, బయటికి నడిచింది. సీటు మళ్లీ కోసి ఉంది, ఈసారి కాళ్లు నేలకందేలా కిందికి. అక్క ఎక్కి బటను నొక్కింది. బండి మోగింది. వాళ్ల వీధికే కాదు, రెండు జిల్లాలకీ వినపడేటంత ధీమాగా ఉందా చప్పుడు.

"నీకెప్పుడొచ్చింది ఇది?" అన్నాను.

"నాన్న పోయాక మీ బావ బండి తీయడమే మానేశాడు. ఎవరో ఒకరు తిప్పకపోతే పాడవుద్దని నేనే పోరుపెట్టా. పవర్ స్టేషన్ బూడిద కలిపే చెరువు పక్కన ఖాళీ రోడ్డు మీద నేర్పాడు. రెండుసార్లు తుప్పల్లోకి పోయాం ఇద్దరం. ఎంత నవ్వుకున్నామో!" ఆమె కళ్లు తుడుచుకుంది. "అయినా నీకుందిగదరా నున్నగా, నల్లగా. దాన్ని చూసుకో."

ట్రాలీ ఆటో ఖాళీగా వెనక్కి వెళ్లింది. డ్రైవరు దారంతా, "ఆవిడ భలే నడుపుతున్నారు సార్" అంటూనే ఉన్నాడు.

పై ఆదివారం పొద్దున నేను పేపరు చదువుకుంటుంటే వీధిలో ఆ చప్పుడు వినిపించింది. బయటికొచ్చి చూస్తే గేటు ముందు అక్క, హెల్మెట్‌తో. నన్ను చూసి తల ఊపి, "అది తయారైందా?" అంది. ఎవరని అడిగేలోపు మా ఆవిడ నన్ను దాటుకుని వచ్చింది. కొత్త చుడీదారు, కాళ్లకి బూట్లు, చేతిలో ఇంకో హెల్మెట్. అది ఎప్పుడు కొనిందో నాకు తెలియదు.

"వంటింట్లో ఉప్మా ఉంది" అంది నాతో. "పదండి వదినా."

"ఎక్కడికి?" అన్నాను.

"వచ్చాక చెబుతాంలే" అంది అక్క. "గట్టిగా పట్టుకోవే."

మా పెళ్లయి ముప్ఫై ఏళ్లు దాటింది. నా బండి వచ్చి పదేళ్లయింది. మా ఆవిడ ఒక్కసారి కూడా దాని మీద ఎక్కలేదు, నేను ఎక్కమన్నా ఎక్కలేదు. ఇప్పుడు బావ కుట్టించిన సీటు మీద వెనక్కి జారగిలబడి, ఎప్పట్నించో అలవాటున్నదానిలా కూర్చుంది. మనిషి పోయాడు. ఆ సీటు మాత్రం నావాళ్లని ఒక్కొక్కరినే ఎక్కించుకుపోతూనే ఉంది.

వీధి మలుపు దగ్గర మా ఆవిడ వెనక్కి తిరిగి చెయ్యి ఊపింది. నేనూ గేటు పట్టుకుని గట్టిగా ఊపాను. తర్వాత తల తిప్పి చూస్తే ఎదురింటావిడ కూడా మేడ మీదనుంచి ఊపుతోంది. మా ఆవిడ చూసింది ఆవిడవైపే.